సర్వర్ కట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఇంట్లో సొంతంగా ఒక సర్వర్ కట్టుకోబోతున్నావని, ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు, పాటలు, సినిమాలు అన్నీ ఒకే చోటికి చేర్చబోతున్నావని నిన్న మీ నాన్న చెప్పాడు. నువ్వు వేసుకున్న విడిభాగాల జాబితా కూడా ఫోనులో పంపాడు. చిన్నప్పుడు నేను రిపేరుకు విప్పిన కంప్యూటర్ల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, స్క్రూలను పొడవును బట్టి వేరుచేసి పెట్టేదానివి. ఆ పిల్లే ఇప్పుడు డిస్కుల మోడల్ నంబర్లు పోల్చి చూసుకునేంతగా ఎదిగిందని ఎంత మురిసిపోయానో చెప్పలేను. కానీ జాబితా కిందికంటా చదివాక ఆ మురిపెం కాస్తా బెంగగా మారింది. చివరి వరుసలో ఇలా రాశావు: “పవర్ సప్లై స్నేహితురాలి దగ్గర ఖాళీగా ఉంది, ఇస్తానంది. కేబుళ్లు ఇంట్లో పాత డబ్బాలో ఉన్నాయి.”

ఆ వరుస గురించి తీరిగ్గా చెప్పాలి. అంతకంటే ముందు ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో చెబుతాను. అక్కడ మిగిలినది తెచ్చి ఇక్కడ పెట్టాలి కాబట్టి.

ప్రాసెసర్ మీద నువ్వు పెట్టదలచినది చాలా ఎక్కువ. సినిమా ఫైలును ఉన్నదున్నట్టు టీవీకి పంపడానికి ప్రాసెసర్‌కు పెద్ద పనేమీ ఉండదు. టీవీకో ఫోనుకో ఆ ఫార్మాట్ అర్థం కానప్పుడు దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపాల్సి వస్తుంది. ట్రాన్స్‌కోడింగ్ అంటారే, అదొక్కటే బరువైన పని. ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి క్విక్ సింక్ అనే వీడియో విభాగం వస్తోంది, ఆ బరువును అదే మోస్తుంది. ఏడో తరం నుంచి పది బిట్ల హెచ్ఈవీసీ అనే వీడియో రకాన్ని కూడా సునాయాసంగా నడుపుతుంది. ఇప్పుడు నువ్వు ఎంచుకున్న ప్రాసెసర్ పేరు చివర చూడు, ‘ఎఫ్’ అనే అక్షరం ఉంది. ఎఫ్ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉండదు, దానితోపాటే క్విక్ సింక్ కూడా ఉండదు. ఆ లోటు పూడ్చుకోవడానికే నువ్వు వేరే గ్రాఫిక్స్ కార్డు కూడా చేర్చాల్సి వచ్చింది. ఎఫ్ లేనిది తీసుకో, కార్డును జాబితాలోంచి కొట్టేయి. నిజానికి ఆఫీసులు వదిలించుకునే ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ఏదైనా నీ పనికి సరిపోతుంది. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న బోర్డు చూడు. నాలుగు కోర్లు, రేటింగ్ 6 వాట్లే, ఏవీ1 వీడియోను కూడా డీకోడ్ చేస్తుంది. అలాంటి చాలా బోర్డుల మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు తక్కువగా ఉంటాయి. కొనే ముందే లెక్కపెట్టుకో.

ర్యామ్ 8 జీబీతో మొదలుపెట్టు, డిస్కుల్లో ఫైళ్లను భద్రంగా సర్దిపెట్టే జెడ్‌ఎఫ్ఎస్ అనే పద్ధతి వాడతానంటే 16 వేసుకో. డిస్కులో ఒక టీబీకి ర్యామ్ ఒక జీబీ ఉండి తీరాలన్న మాటను పట్టించుకోకు, ఇంటి వాడకానికి అది అక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి చాలు. నెట్‌వర్క్ గురించి మీ నాన్నను ఏదో అడిగావట. 4కే బ్లూరే డిస్కులో అత్యధిక వేగం సెకనుకు 128 మెగాబిట్లు. సాధారణ గిగాబిట్ కేబుల్ అలాంటివి ఆరేడింటిని ఒకేసారి మోయగలదు. అంతకు మించినది కొనకు, కాకపోతే సర్వర్‌ను వైఫైకి వదలకుండా తీగతోనే కలుపు. క్యాబినెట్ అందం చూడకు, డిస్కులకు ఎదురుగా ఫ్యాను ఉందో లేదో చూడు. సర్వర్‌లోని సినిమాలు, పాటలు టీవీకీ ఫోనుకూ అందించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, దానితో మొదలుపెట్టు.

డిస్కుల దగ్గర మాత్రం చౌక చూడకు. నువ్వు రాసిన మోడల్ ఎస్ఎంఆర్ రకం. ఈ రకంలో పళ్లెం మీద ట్రాకులను ఇంటి కప్పు మీది పెంకుల్లా, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా రాస్తారు. చోటు కలిసివస్తుంది. కానీ మధ్యలో ఒక ట్రాకును మార్చాలంటే దాని తర్వాతి వాటిని కూడా తిరగరాయాలి. సినిమాలను ఒకసారి రాసి చూసుకుంటూ పోతే తేడా తెలియదు. రెయిడ్‌లో, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటి పోయినా సమాచారం దక్కేలా పెట్టే పద్ధతిలో, ఒక డిస్కు పోయి, కొత్తదానిలోకి సమాచారమంతా తిరిగి నింపేటప్పుడు తెలుస్తుంది. అప్పుడు డిస్కు తన సర్దుబాట్లలో తాను మునిగిపోయి జవాబివ్వడానికి ఆలస్యం చేస్తుంది. ఇది కూడా పోయిందనుకుని రెయిడ్ దాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఈ రకమేనని, కొనేవాళ్లకు ఆ సంగతి చెప్పలేదని బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి రాని సీఎంఆర్ రకాన్ని రెడ్ ప్లస్ అనే పేరుతో వేరు చేశారు. కాబట్టి పెట్టె మీద ‘నాస్’ అని, అంటే ఇలాంటి సర్వర్లకే అని, రాసి ఉంటే నమ్మేయకు. మోడల్ నంబరు పూర్తిగా పట్టుకుని, తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రంలో సీఎంఆర్ అని చూసుకున్నాకే కొను.

నాలుగు చిన్నవాటికంటే రెండు పెద్దవి మేలు. 3.5 అంగుళాల డిస్కు ఏ పనీ లేకుండా తిరుగుతున్నా నాలుగైదు వాట్లు తీసుకుంటుంది. ఏడాది పొడవునా ఆగకుండా నడిచే యంత్రంలో 10 వాట్లు తగ్గితే దాదాపు 88 యూనిట్ల కరెంటు తగ్గినట్టు. డిస్కు చేతికి రాగానే ఫోటోలు నింపేయకు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడు, వాటి అసలు విలువ సున్నా ఉండాలి. తర్వాత పూర్తి పరీక్ష పెట్టు. పెద్ద డిస్కుకు చాలా గంటలు పడుతుంది. పట్టనీ. తొందరపడటం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం, ఈ ఒక్కచోట దాన్ని కట్టిపెట్టు.

ఇక పవర్ సప్లై సంగతి. మీ ఇంట్లో ఇంతకు ముందే ఒక సర్వర్ ఉండేదని నీకు తెలిసి ఉండదు. నువ్వు అప్పటికి ఇంకా మాటలు నేర్చుకుంటున్నావు. మీ నాన్నే కట్టాడు. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం జంటగా రాసుకునేలా పెట్టి, అదే పెట్టెలో మూడో డిస్కు కూడా బిగించి, ఫోటోలు రోజూ రాత్రి దానిలోకి కాపీ అయ్యేలా చేశాడు. మూడోది చిన్న డిస్కు, వీడియోలకు చోటు చాలలేదు. మీ నాయనమ్మ మాట్లాడిన క్యాసెట్లు, నువ్వు మొదటిసారి నిలబడిన వీడియో, అన్నీ ఆ జంట డిస్కుల్లోకి ఎక్కించాడు. బూజు పట్టిన క్యాసెట్లను ఆ తర్వాత పారేశారు. “రెండు చోట్ల ఉంది కదా అన్నయ్యా” అనేవాడు.

కొన్నాళ్లకు పవర్ సప్లై ఫ్యాను మూలగడం మొదలైంది. దాన్ని తీసి ఇంకా మంచిది తెచ్చాడు. పాతదీ కొత్తదీ ఒకే కంపెనీవి. రెండూ మాడ్యులర్ రకం, అంటే కేబుళ్లను ఊడదీసి మళ్లీ తగిలించుకునేవి. పాత కేబుళ్లు మదర్‌బోర్డు వెనక నుంచి ముచ్చటగా కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని పీకడం ఎందుకులే అనుకుని, పాత పవర్ సప్లైని మాత్రం బయటికి తీసి, అవే కేబుళ్లను కొత్తదానికి గుచ్చాడు. చక్కగా కూర్చున్నాయి. క్లిప్పు కూడా టక్కుమని పడింది.

అక్కడే ఉంది మోసం. డిస్కు వైపు ఉండే సాటా ప్లగ్గు ఎక్కడైనా ఒకటే, ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలో స్థిరపడి ఉంది. పవర్ సప్లై వైపు ఉండే ప్లగ్గుకు అలాంటి ప్రమాణం ఏదీ లేదు. కంపెనీని బట్టి మారుతుంది, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. బయటి ఆకారం ఒకటే అయినా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు. డిస్కులో మోటారు 12 వోల్టులతో తిరుగుతుంది, అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు 5 వోల్టులతో పనిచేస్తుంది. ఆ రోజు 5 వోల్టులు రావాల్సిన తీగలో 12 వచ్చాయి.

మీట నొక్కగానే చిటుక్కుమని ఒక చప్పుడు, కాలిన వాసన. అంతే. మూడు డిస్కులూ ఒకే కేబుల్ మీద ఉన్నాయి, మూడూ ఒకేసారి ఆగిపోయాయి. వాటిని తువ్వాలులో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. బల్ల మీద పెట్టి భూతద్దంలో చూశాను. ప్లగ్గు పక్కనే చిన్న నల్లటి భాగాలు ఉంటాయి, టీవీఎస్ డయోడ్లు అంటారు. వోల్టేజీ హద్దు దాటితే అవి షార్టై మిగతా బోర్డును కాపాడాలి. ఫోటోల డిస్కులో ఆ డయోడ్ తన పని తాను చేసింది. దాన్ని తీసేసి సరైన కరెంటు ఇవ్వగానే డిస్కు తిరిగింది, ఫోటోలు దక్కాయి. జంట డిస్కుల్లో డయోడ్లు పగిలిపోయాయి, మోటారును నడిపే చిప్పు మీద బొబ్బ లేచి ఉంది. అదే మోడల్ బోర్డు ఇంకొకటి సంపాదించాను. ఉత్తినే బోర్డు మారిస్తే చాలదు, ప్రతి డిస్కుకూ దానికే చెందిన కొలతలు బోర్డు మీది రోమ్ చిప్పులో ఉంటాయి. ఆ చిప్పును కూడా పాత బోర్డు నుంచి తీసి కొత్తదాని మీద అతికించాను. మోటారు తిరిగింది. కానీ లోపల సమాచారాన్ని చదివే తలల దగ్గర ఉండే చిన్న యాంప్లిఫయర్ అప్పటికే కాలిపోయింది. డిస్కు నాలుగుసార్లు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. రెండోదీ అంతే. మీ నాయనమ్మ గొంతు వాటిలోనే ఉండిపోయింది.

మీ నాన్న అజాగ్రత్త మనిషి కాడు తల్లీ. ప్లగ్గు సరిపోతే సరైనదే అనుకోవడం ఎవరికైనా సహజం. కానీ ఆ తర్వాత అతను మళ్లీ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. నీ జాబితా పంపుతూ, “కేబుళ్ల సంగతి నువ్వే చెప్పు అన్నయ్యా, నేను చెప్పలేను” అన్నాడు. నువ్వు వాడుకుందామనుకున్న పాత డబ్బాలో ఉన్నవి ఆనాటి కేబుళ్లే అయి ఉండవచ్చు. అందులోంచి ఒక్కటి కూడా తీయకు. వీలైతే ఆ డబ్బానే బయట పడేయి.

స్నేహితురాలి పవర్ సప్లైకి దాని సొంత కేబుళ్లు ఉన్నాయో లేదో నువ్వు రాయలేదు. ఉన్నా సరే, ఎన్నేళ్లదో తెలియని దాన్ని పగలూ రాత్రీ నడిచే యంత్రానికి పెట్టడం నాకు ఇష్టం లేదు. మంచి పేరున్న కంపెనీది కొత్తది కొను. పెద్దది అక్కర్లేదు. ఒక డిస్కు తిరగడం మొదలుపెట్టే కొద్ది సెకన్లలో 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు లాగుతుంది. నాలుగు డిస్కులు పెట్టుకున్నా దాదాపు వంద వాట్లే. 300 నుంచి 450 వాట్లది హాయిగా సరిపోతుంది. దాని పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడు, మిగిలిపోయిన వాటిని మోడల్ పేరు రాసిన సంచిలో వేసి విడిగా దాచు. మోలెక్స్ అనే పాత రకం ప్లగ్గు నుంచి సాటాకు మార్చే అడాప్టర్లలో ప్లాస్టిక్‌ను కరిగించి పోతపోసిన రకం జోలికి అసలు వెళ్లకు, అవి లోపల షార్టై అంటుకున్న సందర్భాలు ఉన్నాయి.

మొదటిసారి మీట నొక్కేటప్పుడు డిస్కులు తగిలించి ఉండకూడదు. మల్టీమీటర్ తీసుకుని సాటా పవర్ ప్లగ్గు చూడు. 15 పిన్నుల్లో 7, 8, 9 మీద 5 వోల్టులు, 13, 14, 15 మీద 12 వోల్టులు రావాలి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకో. మీటరు లేకపోతే నాది పంపిస్తాను.

ఇంకో మాట. జంట డిస్కులు ఉంటే ఒకటి చెడిపోయినప్పుడు పని ఆగకుండా ఉంటుంది, అంతవరకే వాటి సాయం. పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. సినిమాలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, వాటికి కాపీ కోసం ఖర్చు పెట్టకు. మన వాళ్ల ఫోటోలు, వీడియోలు మాత్రం వేరే ఒక డిస్కులోకి తీసి, తీగ ఊడదీసి, ఆ ఇంటి బయట ఎక్కడైనా ఉంచాలి. దాన్ని మా ఇంట్లో పెట్టుకో. నా బీరువాలో ఒక అర ఖాళీ చేశాను. కొన్ని నెలలకోసారి వచ్చి కొత్తవి ఎక్కించుకుని వెళ్లు, ఆ వంకతోనైనా నిన్ను చూసినట్టు ఉంటుంది. అందులో ఉన్నవి తెరిచి చూడటం కూడా మరిచిపోకు, తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే. జాబితాలో యూపీఎస్ కూడా లేదు. గ్రాఫిక్స్ కార్డు డబ్బుతో అది వస్తుంది. యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గినప్పుడు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా పెట్టుకో.

కొత్త పవర్ సప్లై చేతికి వచ్చాక దాని మీది లేబులు, ప్లగ్గులు ఉండే వైపు, దానితో వచ్చిన కేబుళ్లు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా డిస్కులు వాటి సంచుల్లోనే ఉండనీ.

నీ పెదనాన్న