పద్మినికి రంగు కుదిరింది, బ్రేకే వదలట్లేదు

ప్రశ్న: అన్నా నమస్తే, మాది కడప ఎర్రముక్కపల్లె. మా నాయన వాడిన 1981 ప్రీమియర్ పద్మిని కారు పదేండ్లు రేకుల షెడ్డులో పడుండె, పోయినేడు బయటికి తీసి ఎనిమిది నెలలు తిప్పలుపడి రెడీ చేయించినా. టింకరింగు, పెయింటు, సీట్లు అన్నీ కొత్తవే. టౌన్లో బాగానే పోతాది గానీ రాయచోటి నుంచి వస్తా గువ్వలచెరువు ఘాట్ దిగేసరికి ముందు ఎడమ చక్రం కాడ కాలిన వాసన, బ్రేకు తొక్కితే ఎడమకే లాగతాంది. నీళ్ళు పోస్తే సుయ్యిమని ఆవిరి. అర్ధగంట ఆపితే మళ్ళీ మామూలే. ఇంకోటి, వెనక కుంగిందని కమాన్ కట్టలకి (లీఫ్ స్ప్రింగులకి) ఒక్కో పట్టీ ఎక్కువ వేయించినా, అప్పట్నుంచి స్పీడ్ బ్రేకర్ మీద లారీ మాదిరి ఎగరతాంది, 60 దాటితే స్టీరింగ్ వణకతాంది. మెకానిక్ మాస్టర్ సిలిండర్ మార్చాలంటాండు. మార్చాల్నా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నీళ్ళు పోసే పని మానెయ్, చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము పోత ఇనుము, కాలి ఉన్నప్పుడు చన్నీళ్ళు పడితే చిట్లిపోతుంది, పద్మిని డ్రమ్ము మంచిది దొరకాలంటే ఈ రోజుల్లో ఎంత తిరగాలో నీకే తెలుసు.

మాస్టర్ సిలిండర్ జోలికి ఇప్పుడే పోవద్దు. పెడల్ తొక్కితే నాలుగు చక్రాలకీ బ్రేక్ ఆయిల్ తోసేది అదే. అది పట్టేస్తే ఒక్క చక్రమే ఎందుకు కాలుతుంది, మిగతావి కూడా కాలాలి కదా. మామూలుగా బండి ఒక పక్కకి లాగితే ఆ పక్కే చెడిందనుకుంటారు, చాలాసార్లు దొంగ అవతలి పక్క ఉంటాడు, అక్కడ డ్రమ్ముని ఒరుసుకునే లైనింగ్ మీద ఆయిల్ పడో చక్రం దగ్గరి సిలిండర్ పట్టేసో బ్రేకు పడదు, బండి బ్రేకు పడే వైపుకి తిరుగుతుంది. కానీ నీది ఎడమే కాలుతోంది కాబట్టి ఎడమ చక్రమే తొక్కిన బ్రేకు వదలట్లేదు. ఈసారి గువ్వలచెరువులో పాలకోవాకి ఆగినప్పుడు, ఘాట్ దిగకముందే, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడు, తాకొద్దు, దగ్గరగా చాలు. అప్పటికే ఎడమది వేడిగా ఉంటే ఘాట్ తప్పేం లేదు, నువ్వు రాయచోటి నుంచే బ్రేకు పట్టుకుని వస్తున్నట్టు.

అసలు పరీక్ష ఇది. వేడి మీదున్నప్పుడే చదును చోట మిగతా చక్రాలకి రాళ్ళు పెట్టి, ముందు ఎడమ జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పు. తిరగదు. వీల్ సిలిండర్ వెనక, బ్రేకు పైపుల్లో చేరిన ఎయిర్ తీసే నిపిల్ పావు చుట్టు వదులు చెయ్, మొహం పక్కకి పెట్టుకో. ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం ఫ్రీ అయితే లోపల ప్రెషర్ ఇరుక్కుంది, అంటే రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయింది, కాలి బలానికి ఆయిల్ పోతుంది గానీ స్ప్రింగు బలానికి వెనక్కి రాదు. పైకి చూస్తే నల్లగా నున్నగా ఉంటుంది, అదే మోసం. నిపిల్ వదిలినా చక్రం బిగుసుకునే ఉంటే డ్రమ్ము విప్పు, పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది, లేదా లైనింగ్ ఉండే షూల స్ప్రింగు పోయుంటుంది.

ఇక్కడ ఒకటి అడుగుతా, నీ మెకానిక్ సిలిండర్లు దేంతో కడిగాడు? డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో అయితే లోపలి రబ్బరు బకెట్ వాషర్లు ఉబ్బిపోయి ఉంటాయి, ఆ రబ్బరుకి పెట్రోలియం సరుకు పడదు. నా షెడ్డులో ఒక కుర్రాడు ఇట్లాగే కొత్త కిట్టు మొత్తం కిరసనాయిలు డబ్బాలో నానేసి పొద్దున్నే నాకు చూపించాడు, వాషర్లు జిలేబీ మాదిరి ఉబ్బి ఉన్నాయి! బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. హోసులు రెండు పక్కలా కొత్తవే వెయ్, వాషర్లు మార్చు, పాత ఆయిల్ మొత్తం పారబోయ్. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగిపోతుంది, షెడ్డులో పదేండ్లున్న ఆయిల్ గురించి ఇంక చెప్పేదేముంది, ఘాట్‌లో మరిగిందంటే పెడల్ నేలకి పోతుంది. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టు. ఆ ఆయిల్ నీ కొత్త పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు, లేకపోతే రంగు ఊడొస్తుంది. దిగేటప్పుడు సెకండ్ గేరులో రా, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకు.

కమాన్ సంగతికొస్తే, ఆ అదనపు పట్టీ తీసేయించు. కుంగిన కట్టని కొలిమిలో వంపు పెట్టించాల్సింది పోయి పట్టీ కలిపితే వెనక గట్టిబడి టైరు రోడ్డు మీద నిలవదు. బిగించేటప్పుడు కట్ట చివర్ల రబ్బరు బుష్‌ల బోల్టులు బండి చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే టైట్ చేయమను, జాకీ మీద వేలాడుతుంటే బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి నాలుగు నెలలకే చిరుగుతుంది. వణుకుకి ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించు, పోకపోతే ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపు, ఆట ఉంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కమను. తొక్కితే ఆట పోతే బేరింగు, ఉంటే చక్రం పక్కలకి తిరిగే కీలు, అంటే కింగ్ పిన్ బుష్‌లు.

ప్రశ్న: అయ్యా, కర్నూలు నుంచి రాస్తున్నాను. నా మార్క్ 4 అంబాసిడర్ ముందు కుడి పక్క వాలింది. కాయిల్ స్ప్రింగ్ మార్చాలన్నారు, ఎంతవుతుంది?

జవాబు: సార్, మీకు ఎవరు చెప్పారో గానీ మీ బండికి ముందు కాయిల్ స్ప్రింగే లేదు, టార్షన్ బార్. పొడుగాటి ఇనుప కడ్డీ మెలితిరిగి స్ప్రింగు పని చేస్తుంది. సిమెంటు నేల మీద నిలిపి, గాలి సమానంగా కొట్టించి, రెండు పక్కలా ఎత్తు కొలవండి. తేడా ఉంటే ఆ బార్ సర్దించుకోవచ్చు. కడ్డీలు విప్పితే కుడిది కుడికే, ఎడమది ఎడమకే వేయాలి, తారుమారైతే విరుగుతాయి. ముందే సుద్దతో గుర్తు పెట్టించండి, మీరు దగ్గరుండి చూసుకోండి.