మిడతలున్న గూఢచారి సినిమా

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. పాత హిందీ సినిమాల పోస్టర్లు పోగుచేస్తానని రాశావు, సంతోషం. కానీ నీ జాబితా నిండా ఊరందరికీ తెలిసిన పెద్ద సినిమాలే. వాటి అసలు పోస్టర్లు నీ జీతానికి అందవు. అందినట్టు కనిపిస్తే అది రీప్రింటే అయివుంటుంది.

ఏ కోవలోనూ ఇమడక జనం మరిచిపోయిన సినిమాలు చూడు. 1981లో వచ్చిన ‘వార్దాత్’ ఉంది. గూఢచారిగా మిథున్ చక్రవర్తి, బప్పీ లహరి పాటలు, వీటి మధ్య పంటల మీద పడే మిడతల దండు! దర్శకుడు రవికాంత్ నగాయిచ్. మన ‘సీతారామ కల్యాణం’ (1961)కి కెమెరా పట్టింది ఆయనే. మన ‘గూఢచారి 116’ను హిందీలో ‘ఫర్జ్’ (1967)గా తీసిందీ ఆయనే. పౌరాణికాల్లో మాయలు చూపించిన చెయ్యి గూఢచారి కథ పట్టుకుంటే మిడతలు రావడంలో వింతేముంది? ఇదే గూఢచారితో అంతకుముందు ‘సురక్షా’ (1979) తీశాడు. ఇలా ఒక మనిషి వెంటపడి పోగుచెయ్యి, రుచి తెలుస్తుంది.

దయ్యాల సినిమాలకు పేరుపడ్డ రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ (1984) మరో రకం. దయ్యం కథ నడుస్తుండగా హాస్యనటుడు జగదీప్ వచ్చి ‘షోలే’ను వెక్కిరిస్తాడు. రీలు మారిందేమోనని నేను వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ గది వైపు చూశాను.

ముందు పోస్టరు కొనకు, పాటల పుస్తకం కొను. నాలుగైదు పేజీలే, చవక. అందులో కథ కొంత చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమంటారు. ఇలాంటి కలగూరగంప కథను పది వాక్యాల్లో కుదించడానికి రాసినవాడు పడ్డ అవస్థ చదివి తీరాలి.

పోస్టరు చేతికొస్తే మడత గీతను వేలితో తడిమి చూడు. గీత కంటికి కనిపిస్తూ వేలికి తగలకపోతే, మడతతో సహా అచ్చువేసిన నకలది. చిరుగులుంటే ఉండనీ, సెల్లోటేపు మాత్రం అంటించకు. ఒకప్పుడు నేను తెలివితేటలు ఉపయోగించి మూడు పోస్టర్లకు లామినేషన్ చేయించాను. అవి ఇప్పుడు మీ అత్తయ్య బియ్యం డబ్బాల కింద పరుపులు.

వచ్చే ఆదివారం అబిడ్స్ పాత పుస్తకాల దగ్గరికి రా, భూతద్దం తెచ్చుకో. ‘పురానా మందిర్’ పాటల పుస్తకాలు నా దగ్గర రెండున్నాయి. చిరిగింది నీకు.

ఇట్లు,
మీ మావయ్య