ఆండ్రాయిడ్ 16 వాట్సాప్‌లో రాదు

ప్రశ్న: నా ఫోను కొని మూడేళ్లయింది. అందులో ఆండ్రాయిడ్ 14 ఉంది, మా అబ్బాయి ఫోనులో 16. నిన్న వాట్సాప్ గ్రూపులో ‘ఆండ్రాయిడ్ 16 అప్‌డేట్’ అంటూ ఒక ఫైలు వచ్చింది. వేసుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

వద్దు మాస్టారూ. ఒకవేళ ఇప్పటికే వేసుకుని ఉంటే చదవడం ఆపి ముందు డేటా, వైఫై కట్టేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. మిగతాది తరువాత చదువుకోవచ్చు.

ఇదే ప్రశ్న వేరే వేరే ఊళ్ల నుంచి వస్తూనే ఉంది. ఆ ఫైలు పేరు చివర ‘డాట్ ఎపికె’ అని ఉంటుంది. అంటే అదొక యాప్. ఆండ్రాయిడ్ అంటే ఫోనును నడిపే సాఫ్ట్‌వేర్. దాని కొత్త వెర్షన్ యాప్ రూపంలో, అందులోనూ గ్రూపులో ఎవరో పంపితే రాదు. సెట్టింగ్స్‌లోని సిస్టమ్ అప్‌డేట్ లోనే వస్తుంది. ఒకసారి పెళ్లి శుభలేఖ, ఇంకోసారి ట్రాఫిక్ చలానా, ఇప్పుడు ఆండ్రాయిడ్ 16. వేషం మారింది, దొంగ ఒకడే.

అది మొదట ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే ఓటీపీలు దాని చేతికి వెళ్లినట్టే. ఆ తరువాత అడిగేది యాక్సెసిబిలిటీ. నాకు అసలు భయం ఇక్కడే. చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి, వారి తరఫున మీటలు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. దొంగ యాప్‌కు దొరికితే మీ తెర అది చూస్తుంది, మీ బదులు అదే నొక్కుతుంది. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఇది సులువుగా దక్కకుండా ఆండ్రాయిడ్ 13లో అడ్డు పెట్టారు. కానీ ఆ అడ్డు తీసే మీట మన చేతిలోనే ఉంది, అవతలివాడు ఫోన్ చేసి ‘ఇక్కడ నొక్కండి సార్’ అంటే మనం నొక్కేస్తున్నాం.

అసలు ఈ 14, 16 గోల ఎందుకు వచ్చింది? పూర్వం మిఠాయిల పేర్లుండేవి. 2009లో కప్‌కేక్‌తో మొదలుపెట్టి అక్షర క్రమంలో 2018లో పి అక్షరానికి ‘పై’ అనే పేరు దాకా వచ్చారు. ఎన్ అక్షరం వంతు వచ్చినప్పుడు నెయ్యప్పం పేరు పెట్టమని మలయాళీలు పట్టుబట్టారు, నూగట్ అయింది. పి వచ్చినప్పుడు పూతరేకుల మీద నాకూ కాస్త ఆశ ఉండేది. ఆ పేర్లు ప్రపంచమంతటా అందరికీ అర్థం కావడం లేదని 2019లో వాటిని తీసేసి ఉత్త అంకె పెట్టారు. లోపల వాడుకునే పేర్లు మాత్రం మిఠాయిలే: 15 వనిల్లా ఐస్‌క్రీమ్, 16 బక్లావా. మిఠాయి పేరుతో ఎవరూ పోటీ పడలేదు, అంకె రాగానే పక్కింటివారి ఫోనుతో పోలిక మొదలైంది. ఐఫోన్లలో ఉండే ఐఓఎస్ వాళ్లయితే 2025లో 18 నుంచి నేరుగా 26కు దూకారు, సంవత్సరంతో కలవాలట! దీనికి తోడు ఫోన్ల కంపెనీలు ఆండ్రాయిడ్ పైన తొడిగే ముసుగుకు, అంటే తెర రూపురేఖలకు, ఇంకో పేరు, ఇంకో అంకె. ఏది దేనిదో అమ్మేవాడికే తెలియదు.

మీరు చూడవలసింది అంకె కాదు. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనిపిస్తుంది. అక్కడే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని ఇంకో తేదీ కూడా ఉంటుంది. అది కొత్తదిగా కనబడితే మురిసిపోకండి, అది కొన్ని భాగాలకే. సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ రెండు మూడు నెలల లోపుదైతే మీ 14తో నిశ్చింతగా ఉండండి. ఏడాది దాటిందా, ఆ ఫోనులో బ్యాంకు యాప్ ఉంచకండి.

ఆ తేదీ ఎప్పటితో ఆగిపోతుందో కొనేటప్పుడే ఎందుకు చెప్పరు? పది రూపాయల జ్వరం బిళ్లల పట్టీ మీద గడువు ఉంటుంది. ఇరవై వేల ఫోను పెట్టె మీద కెమెరా మెగాపిక్సెళ్లు వేలెడంత అక్షరాల్లో ఉంటాయి, గడువు మాత్రం ఉండదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువును ప్రకటించి తీరాలని చట్టం ఉంది. అక్కడ చెప్పగలిగిన తేదీ ఇక్కడ చెప్పడానికి ఏమి అడ్డం?

మాస్టారూ, ఆ ఫైలును గ్రూపులో పెట్టినవారికి కూడా ఒక మాట చెప్పండి. వారి ఫోనే ఇప్పటికి దొంగ చేతిలో ఉండవచ్చు. అందుకని వాట్సాప్‌లో కాకుండా ఫోన్ చేసి చెప్పండి.