మాత్రలో మందు కాని సరుకును పరీక్షించడమూ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ‘డ్రగ్ ఎక్సిపియెంట్ కంపాటిబిలిటీ’ లైన్‌లోకి వెళ్తానంటోంది. మాత్రలో కలిపే పిండీ, పంచదారా లాంటి వాటిని పరీక్షించడానికి కూడా ఉద్యోగాలిస్తారా? పక్కనే పరవాడ ఫార్మాసిటీ ఉండగా హైదరాబాద్ ఎందుకు? – ఒక తండ్రి

జవాబు: ఇస్తారండీ. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ 5 మాత్రనే తీసుకోండి. అందులో మందు 5 మిల్లీగ్రాములే. మిగతాదంతా మాత్రకు సైజు రావడానికి, విరిగిపోకుండా ఉండటానికి, కడుపులో విడిపోవడానికి కలిపిన సరుకు. అవే ఎక్సిపియెంట్లు. చవగ్గా దొరికే లాక్టోజ్‌ని చాలా మాత్రల్లో వాడతారు. కానీ ఆమ్లోడిపిన్‌లో ప్రైమరీ ఎమీన్ అనే నత్రజని గుంపు ఉంది, దానికీ లాక్టోజ్‌కీ పడదు. తేమ తోడైందంటే పొడి గోధుమరంగుకు తిరుగుతుంది, మందు శాతం పడిపోతుంది. అందుకే ఈ మందుకి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, కాల్షియం ఫాస్ఫేట్ లాంటివి ఎంచుకుంటారు. ఇలాంటి పడని జోడీలను మాత్ర తయారుకాకముందే పట్టుకోవడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని.

మందుని ఒక్కో ఎక్సిపియెంట్‌తో విడివిడిగా కలిపి, చిన్న వయల్స్‌లో పోసి, స్టెబిలిటీ ఛాంబర్‌లో 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర సాధారణంగా నాలుగు వారాలు ఉంచుతారు. (మే నెలలో మన విశాఖ దీనికి మరీ దూరమేం కాదు.) పోల్చి చూడటానికి ఒట్టి మందున్న వయల్ కూడా పక్కనే ఉండాలి. బయటికి తీశాక ముందు రంగు చూస్తారు. ఆస్పిరిన్‌ని మెగ్నీషియం స్టియరేట్‌తో కలిపిన వయల్ అయితే మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టొచ్చు. ఆ తర్వాత హెచ్‌పీఎల్‌సీలో (కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) కొత్త పీక్‌లు, అంటే కొత్త పదార్థం పుట్టిందని గ్రాఫ్‌లో చూపే శిఖరాలు, వచ్చాయేమో వెతుకుతారు.

డీఎస్‌సీ (పొడిని వేడిచేస్తూ ఎక్కడ కరుగుతుందో చూసే పరీక్ష) గ్రాఫ్ దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. మందు కరిగే పీక్ కనబడకపోతే చాలు, ‘ఇన్‌కంపాటిబుల్’ (పడని జోడీ) అని రాసేస్తారు. పీఈజీ (తక్కువ వేడికే కరిగే మైనం లాంటి ఎక్సిపియెంట్) లాంటిది ముందే కరిగి మందుని తనలో కలిపేసుకున్నా ఆ పీక్ మాయమవుతుంది, మందుకి ఏమీ కాకపోయి ఉండొచ్చు. హెచ్‌పీఎల్‌సీ చూడందే తీర్పు చెప్పకూడదు. మెషీన్ నడపడం ఎవరైనా నేర్చుకుంటారు, కంపెనీ జీతమిచ్చేది ఈ విచక్షణకే.

ఇక పరవాడ సంగతి. అక్కడ ఎక్కువగా ఉన్నవి బల్క్ డ్రగ్ (మాత్రలో వేసే అసలు మందుని తయారుచేసే) యూనిట్లు. ప్రొడక్షన్, క్యూసీ (నాణ్యత పరీక్ష) ఉద్యోగాలు దొరుకుతాయి, చాలావాటిలో షిఫ్టులుంటాయి. ఫార్ములేషన్ ఆర్ అండ్ డీ (మందుని మాత్రగా మలిచే పరిశోధన) ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంది. కాబట్టి అమ్మాయి అంటున్నది అర్థంలేని పట్టుదల కాదు. అలాగని పరవాడ దండగా కాదు. ఇంటి పరిస్థితి వల్ల వెంటనే జీతం కావాలంటే క్యూసీలో చేరి హెచ్‌పీఎల్‌సీ మీద చేయి తిరిగేలా చేసుకుని, తర్వాత మారొచ్చు.

చదువే అనుకుంటే జీప్యాట్ (ఎం.ఫార్మసీ ప్రవేశానికి జాతీయ పరీక్ష) రాయమనండి. అర్హత సాధించి, ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఎం.ఫార్మసీ చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలోనే ఎం.ఫార్మసీ ఉంది, హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ ఉంది. బ్రాంచి విషయంలో మాత్రం తొందరపడొద్దు. జోడీలు ఎంచి ఫార్ములా రాసేది ఫార్మాస్యూటిక్స్ వాళ్లు, హెచ్‌పీఎల్‌సీ, డీఎస్‌సీ ముందు కూర్చునేది ఎక్కువగా ఎనాలిసిస్ వాళ్లు. తనకు ఏది ఇష్టమో ఇప్పుడే అడగండి.

అది తేలకపోతే ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టునే వాడుకోమనండి. ఆస్పిరిన్‌ని మెగ్నీషియం స్టియరేట్‌తో, స్టియరిక్ యాసిడ్‌తో, సెల్యులోజ్‌తో విడివిడిగా కలిపి తేమ, వేడిలో ఉంచి, వారం వారం ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి చూడాలి. ఆస్పిరిన్ విడిపోయి సాలిసిలిక్ యాసిడ్ వచ్చిన చోట ఊదారంగు తేలుతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న సామాను చాలు.