గురుగ్రహం ఫోటో తెల్లటి ముద్దలా వస్తోందా?

8 అంగుళాల అద్దమున్న మీ డాబ్సోనియన్ టెలిస్కోప్‌లో కంటికి గురుడి పట్టీలు చక్కగా కనిపిస్తున్నా, ఫోటోలో తెల్లటి ముద్దే వస్తోందని రాశారు కదండీ. టెలిస్కోప్ మార్చే పనేం లేదు. మీ అద్దం సుమారు 0.6 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) వివరం చూపగలదు. వెలుగు మరీ ఎక్కువ పడి గురుడు తెల్లబడిపోతున్నాడు, పైగా గాలి కదలికలు ఆ వివరాన్ని చెరిపేస్తున్నాయి.

ఒక్క ఫోటో కాదు, వీడియో తీయండి. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, పట్టీలు కనిపించేదాకా గెయిన్ (కెమెరా వెలుగును పెంచి చూపే సెట్టింగ్) తగ్గించండి. గాలి క్షణంపాటు నిలకడగా ఉన్నప్పుడు పడిన ఫ్రేములు పదునుగా ఉంటాయి. అలాంటి ఫ్రేము దొరికే అవకాశం ఎంతో 1978లోనే శాస్త్రవేత్త డేవిడ్ ఫ్రీడ్ లెక్కగట్టారు. ఆ మంచి ఫ్రేములను ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఏరి, కలిపి ఒకే ఫోటో చేస్తుంది. నేనైతే 10-20 శాతమే ఉంచుతాను. తర్వాత రెజిస్టాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్స్ (ఫోటోకు పదును పెట్టే స్లైడర్లు) కొద్దికొద్దిగా పెంచండి, అత్యాశ వద్దు.

వీడియో రెండు మూడు నిమిషాలు దాటనివ్వకండి. గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరుగుతాడు, ఎర్రమచ్చ జరిగిపోతుంది.

డాబా మీద తీస్తున్నానన్నారు, అదీ ఒక కారణమే. పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంది, ఆ వేడిగాలికి బొమ్మ కదులుతుంది. వీలైతే మట్టి నేల మీద, టెలిస్కోప్ చల్లబడేలా గంట ముందే బయటపెట్టి చూడండి.