మెక్‌లారెన్ ఎంపీ4-30: తప్పు ఇంజిన్‌దా, కారుదా?

అలోన్సో, బటన్ ఇద్దరూ ప్రపంచ చాంపియన్లే కదా, 2015 ఫార్ములా వన్ కారు రేసుల్లో వాళ్ల జట్టు మెక్‌లారెన్ తొమ్మిదో స్థానానికి ఎలా పడిపోయింది, హోండా ఇంజిన్‌కి హార్స్‌పవర్ చాలకేనా అని అడిగారు. హార్స్‌పవర్ తక్కువన్నది నిజమే. కానీ అసలు దెబ్బ కరెంటు దగ్గర పడింది.

ఆ ఏడాది నిబంధనల్లో ఇంజిన్‌కి తోడుగా లాగే మోటారు (ఎంజీయూ-కె) 120 కిలోవాట్లు, అంటే సుమారు 160 హార్స్‌పవర్ ఇవ్వొచ్చు. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు బ్యాటరీలోకి నింపగలిగేది ల్యాప్‌కి 2 మెగాజౌళ్లే. లెక్క కట్టండి: అది 17 సెకన్లకి కూడా చాలదు. బెల్జియంలోని స్పా ట్రాకు మీద ఒక ల్యాప్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచేది నిమిషానికి పైగానే! ఆ లోటంతా టర్బో షాఫ్ట్ మీద తిరిగే రెండో జనరేటర్ (ఎంజీయూ-హెచ్) పూడ్చాలి. దాని ఉత్పత్తికి నిబంధనల్లో పరిమితి లేదు.

హోండాకి చిక్కనిది సరిగ్గా ఇదే. కారు వెనక భాగం వీలైనంత సన్నగా ఉండాలన్నది మెక్‌లారెన్ పట్టుదల, దానికి ‘సైజ్ జీరో’ అని పేరు కూడా పెట్టారు. అందుకోసం ఇంజిన్‌లోకి గాలి నెట్టే కంప్రెసర్‌ని చిన్నది చేసి, వి6 ఇంజిన్ రెండు సిలిండర్ వరుసల మధ్య ఇరికించారు. చిన్న కంప్రెసర్ అంతే గాలి నెట్టాలంటే ఇంకా వేగంగా తిరగాలి. ఇంజిన్ పొగతో తిరిగే టర్బైన్ శక్తి అక్కడే ఖర్చయిపోతే జనరేటర్‌కి మిగిలేదెంత? పైగా ఆ ఇరుకులో వేడి. మెల్‌బోర్న్ రేసులో పవర్ తగ్గించి నడిపితే బటన్ రెండు ల్యాప్‌లు వెనకబడి, చివరివాడిగా 11వ స్థానంలో ముగించాడు. ఆ రేసులో అలోన్సో బదులు దిగిన మాగ్నుసెన్ ఇంజిన్ గ్రిడ్‌కి (రేసు మొదలయ్యే వరుసకి) చేరకముందే పోయింది.

సీజన్ మధ్యలో సరిచేద్దామన్నా ఇంజిన్ మార్పులకి హోండాకి ఇచ్చినవి 9 టోకెన్లే (ఎంత మార్చొచ్చో కొలిచే కోటా). కంప్రెసర్ ఉన్న చోటు మార్చాలంటే ఇంజిన్‌నే మళ్లీ గీయాలి, ఆ పని 2017కి గానీ జరగలేదు. ఈలోగా పాడైన భాగం మార్చినప్పుడల్లా గ్రిడ్ పెనాల్టీ, మూలిగే నక్క మీద తాటిపండులా. స్పాలో రెండు కార్లకీ కలిపి 105 స్థానాలు వెనక్కి వెళ్లమన్నారు. గ్రిడ్‌లో ఉన్నవే 20 కార్లు!

చాసిస్ (ఇంజిన్ పోగా మిగతా కారు) మాత్రం మరీ అంత చెడ్డది కాదు. ఏడాది మొత్తంలో వచ్చిన 27 పాయింట్లలో 16 మొనాకో, హంగరీల్లోనే వచ్చాయి. పొడవాటి స్ట్రెయిట్లు లేని ట్రాకులు అవి. హంగరీలో అలోన్సో 5, బటన్ 9. తడి ట్రాకు మీద ఆస్టిన్‌లో బటన్ 6వ స్థానం మరో 8 పాయింట్లు తెచ్చింది. కాబట్టి నింద మొత్తం హోండా నెత్తిన వేయడం నాకు ఒప్పుదల కాదు. ఆ ఇరుకు కోరి తెచ్చుకున్నది మెక్‌లారెన్.

జపాన్‌లోని సుజుకాలో 2015 రేసు వీడియో దొరికితే స్ట్రెయిట్ మీద కారు వేగం అంకెని గమనించండి. మొదటి సగంలో పక్క కారుతో దాదాపు సమానంగా ఎక్కుతుంది, తర్వాత నిలిచిపోతుంది, పక్కవాడిది ఎక్కుతూనే ఉంటుంది. ఆ 160 హార్స్‌పవర్ ఆగిపోయిన క్షణం అది. హోండా సొంత ట్రాకు మీదే అలోన్సో రేడియోలో ‘జీపీ2 ఇంజిన్’ (ఫార్ములా వన్ కింది స్థాయి రేసుల ఇంజిన్) అని అరిచింది ఆ రేసులోనే.