మూడు రంగుల ముగింపు: మాస్ ఎఫెక్ట్ 3 మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లెజెండరీ ఎడిషన్ పుణ్యమా అని బయోవేర్ కంపెనీ చేసిన మూడు మాస్ ఎఫెక్ట్ వీడియో ఆటలూ ఒకే కట్టగా దొరుకుతున్నాయి. 2012లో ఆడనివాళ్లు ఇప్పుడు ఆడుతున్నారు, ముగింపు దగ్గర ఆగి మాకు ఉత్తరాలు రాస్తున్నారు. కథ చివర ఏమవుతుందో చెప్పకుండా వీటికి జవాబు ఇవ్వలేం. ఇంకా పూర్తి చేయనివాళ్లు ఈ పేజీని దాచుకుని, ఆట అయ్యాక చదవండి.

ప్ర: మూడు ఆటలూ వరుసగా ఆడి ముగించాను. ముగింపు నాకు బాగానే ఉంది. మరి 2012లో అంత గొడవ ఎందుకైంది? హీరో చనిపోయాడనేనా? – వరంగల్ పాఠకుడు

జ: మీరు చూసిన ముగింపు, అప్పటివాళ్లు చూసిన ముగింపు ఒకటి కాదు. లెజెండరీ ఎడిషన్‌లో ఉన్నది తర్వాత సరిదిద్దిన రూపం. 2012 మార్చి 6న అమెరికాలో ఆట విడుదలైనప్పుడు ఉన్నది వేరు.

అప్పట్లో ఇలా ఉండేది. హీరో షెపర్డ్ సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రం పైకి చేరతాడు. జీవజాతులను ఊచకోత కోసే రీపర్ యంత్రాలను నడిపే కృత్రిమ మేధ, క్యాటలిస్ట్, చిన్నపిల్లాడి రూపంలో వచ్చి మూడు దారులు చూపిస్తుంది: రీపర్లను నాశనం చేయడం, వాటిని అదుపులోకి తీసుకోవడం, జీవులనూ యంత్రాలనూ కలిపేయడం. ఏది ఎంచుకున్నా తర్వాత వచ్చే దృశ్యాలు దాదాపు ఒకటే. మెరుపు రంగు ఎరుపా, నీలమా, ఆకుపచ్చా అన్నదే కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. నక్షత్రాల మధ్య ప్రయాణానికి వాడే మాస్ రిలేలు పేలిపోతాయి, షెపర్డ్ ఓడ నార్మండీ పారిపోతూ ఏదో పచ్చటి గ్రహం మీద కూలుతుంది, తలుపు తెరుచుకుని పైలట్ జోకర్ బయటికొస్తాడు. తర్వాత ఒక ముసలాయన పిల్లాడికి షెపర్డ్ కథ చెబుతాడు (ఆ గొంతు చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్‌ది). అంతే.

కోపం హీరో చావు గురించి కాదు. అదే ఆటలో టుచాంకా గ్రహం మీద సహచరుడు మోర్డిన్ పాట పాడుకుంటూ ప్రాణం ఇచ్చే దృశ్యాన్ని అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. విషాదం వద్దనేవాళ్లయితే అక్కడే గోల చేసేవారు. వాళ్లు నొచ్చుకున్నది వేరే చోట.

మొదటిది, సేవ్ ఫైల్. 2007లో మొదటి ఆటలో తీసుకున్న నిర్ణయం 2010లో రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి వెంట వచ్చింది. సహచరుడు రెక్స్ బతికి ఉన్నాడా, రాక్ని జాతి రాణిని వదిలారా, శత్రువులైన కలెక్టర్ల స్థావరాన్ని పేల్చారా, అన్నీ ఆట గుర్తుపెట్టుకుంది. విడుదలకు ముందు దర్శకుడు కేసీ హడ్సన్ కూడా, ఏ, బీ, సీ అని లెక్కపెట్టగలిగే మామూలు ముగింపులలాంటిది కాదని చెప్పాడు. తీరా వచ్చినవి మూడు, అవీ రంగు మార్చినట్టున్నవి. అయిదేళ్ల నిర్ణయాలు చివరికి ఒక అంకెగా మారి, ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో చెప్పడం వరకే పనికొచ్చాయి.

రెండోది, ఆట తనకు తానే చెప్పిన లెక్క. 2011లో వచ్చిన 'అరైవల్' డీఎల్‌సీలో (ఆటకు తర్వాత చేర్చే అదనపు భాగం) ఒక్క రిలేను ధ్వంసం చేస్తే బహాక్ సౌరవ్యవస్థ మొత్తం పోయింది, మూడు లక్షల పైచిలుకు బటేరియన్ జాతివాళ్లు చనిపోయారు. మూడో ఆట మొదట్లో షెపర్డ్ నిర్బంధంలో ఉన్నది దాని తర్వాతే. మరి చివర రిలేలన్నీ పేలితే? అరైవల్ ఆడినవాళ్లకు కనిపించింది గెలుపు కాదు, పాలపుంత మొత్తానికి మరణశిక్ష. అది రచయితల ఉద్దేశం కాకపోవచ్చు. కానీ కాదని చెప్పే దృశ్యం ఒక్కటీ పెట్టలేదు.

మూడోది నార్మండీ. కాసేపటి క్రితం లండన్‌లో మీ పక్కన పరుగెత్తిన సహచరులు కూలిన ఓడలోంచి దిగుతారు. ఎప్పుడెక్కారు? జోకర్ యుద్ధం వదిలి ఎందుకు వెళ్లాడు?

నాలుగోది మా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. సృష్టించిన యంత్రాలు సృష్టికర్తల మీద తిరగబడక తప్పదు, అందుకే ఈ ఊచకోత అంటుంది క్యాటలిస్ట్. అంతకు కొన్ని గంటల ముందే మీరు రానోక్ గ్రహం మీద గెత్‌లనే యంత్రజాతికీ, దాన్ని సృష్టించిన క్వేరియన్లకూ సంధి కుదిర్చి ఉండొచ్చు. అది చూపించి 'నువ్వు చెప్పేది తప్పు' అనే అవకాశం షెపర్డ్‌కు ఇవ్వలేదు. మూడు ఆటల్లో మాటతో మనుషుల మనసు మార్చిన పాత్ర, చివరి సంభాషణలో తల ఊపి ఊరుకుంటుంది. అక్కడ చాలామంది మనసు విరిగింది.

వీటన్నిటి మీద, అంతా అయ్యాక తెర మీద ఒక సందేశం: షెపర్డ్ గాథను డీఎల్‌సీలతో ఇంకా పెంచుకోండి అని. ఆ క్షణంలో అది పుండు మీద కారం చల్లినట్టే అయింది.

ప్ర: ఎక్స్‌టెండెడ్ కట్ అంటే ఏమిటి? దాంతో ఏం మారింది? – కాకినాడ పాఠకురాలు

జ: గొడవ తర్వాత బయోవేర్ ఉచితంగా ఇచ్చిన డీఎల్‌సీ. 2012 జూన్ 26న వచ్చింది. యూరప్‌లో ప్లేస్టేషన్ 3కి మాత్రం జులై 4న. లెజెండరీ ఎడిషన్‌లో కలిపే ఉంది, విడిగా దించుకోనక్కర్లేదు. పాత డిస్కు ఉన్నవాళ్లు దీన్ని పెట్టుకుని, శత్రు సంస్థ సెర్బెరస్ స్థావరం మీద దాడికి ముందున్న సేవ్ నుంచి ఆడాలి. మరీ చివరి సేవ్ తెరిస్తే లండన్ దగ్గర చేర్చిన కొత్త భాగం దాటిపోవచ్చు.

ఇప్పుడు లండన్‌లో వెలుగు స్తంభం వైపు పరుగెత్తేటప్పుడు నార్మండీ దిగి గాయపడ్డ సహచరులను ఎక్కించుకుంటుంది, కాబట్టి వాళ్లు ఓడలో ఎలా ఉన్నారో తెలుస్తుంది. వెనక్కి మళ్లమని అడ్మిరల్ హ్యాకెట్ ఆదేశించడం వినిపిస్తుంది. రిలేలు దెబ్బతింటాయి తప్ప బద్దలు కావు, తర్వాత బాగుచేయడం చూపిస్తారు. ప్రతి ముగింపుకూ ఒక కథనం పెట్టారు: నాశనానికి హ్యాకెట్ గొంతు, అదుపుకు షెపర్డ్ గొంతే, కలయికకు నార్మండీలోని కృత్రిమ మేధ ఈడీ గొంతు. మీ నిర్ణయాలను బట్టి క్రోగన్లు, క్వేరియన్లు, సహచరులు ఏమయ్యారో చిత్రాలుగా వస్తాయి. క్యాటలిస్ట్‌ను ఎక్కువ ప్రశ్నలు అడగొచ్చు. మూడు దారులనూ కాదనే నాలుగోదీ వచ్చింది. అది ఎంచుకుంటే ఈ తరం ఓడిపోతుంది, సహచరి లియారా దాచిన సమాచారంతో తర్వాతి తరం గెలుస్తుంది. డీఎల్‌సీ కొనమనే ఆ సందేశం తీసేసి ఆటగాళ్లకు కృతజ్ఞత చెప్పారు.

మారనిది క్యాటలిస్ట్, దాని వాదం, ఆ మూడు దారులు. 'ఆ తర్వాత ఏమైంది' అన్న ప్రశ్నకు ఎక్స్‌టెండెడ్ కట్ చక్కగా జవాబిచ్చింది. 'ఇలాగే ఎందుకు' అన్నది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆడినవాళ్లకు బాగానే అనిపించడానికీ, అప్పుడు ఆడినవాళ్లలో కొందరు ఇప్పటికీ సమాధానపడకపోవడానికీ కారణం ఇదే.

ప్ర: నాశనం దారి ఎంచుకున్నా షెపర్డ్ బతకాలి, గెత్–క్వేరియన్ సంధీ కుదరాలి. రెండుసార్లు ఆడినా కుదరలేదు. ఎక్కడ పొరపాటు? – హైదరాబాద్ పాఠకుడు

జ: ముందు సంధి సంగతి చూద్దాం, ఎందుకంటే దాని వేళ్లు రెండో ఆటలో ఉన్నాయి. మూడో ఆట ఒక్కటే ఆడుతుంటే సంధి జరగదు. రెండో ఆట చివరి మిషన్‌లో క్వేరియన్ సహచరి టాలీ, గెత్ సహచరుడు లీజియన్ ఇద్దరూ బతికి ఉండాలి, ఆ సేవ్‌ను మూడోదానికి తెచ్చుకోవాలి. లీజియన్ లేకపోతే దాని స్థానంలో మరో గెత్ వస్తుంది, కానీ సంధి మాత్రం కుదరదు.

ఆ పైన ఆట లోపల ఒక లెక్క నడుస్తుంది. మొత్తం 7 పాయింట్లలో కనీసం 5 రావాలి. టాలీ విచారణలో ఆమెకు బహిష్కరణ పడకపోతే 2. లీజియన్ మిషన్‌లో, వేరుపడిన గెత్‌ల ప్రోగ్రాం తిరగరాయకుండా వాటిని నాశనం చేస్తే 2. ఆ తర్వాత ఓడలో టాలీ, లీజియన్ గొడవపడితే ఇద్దరినీ ఒప్పిస్తే 1. ఇక మూడో ఆటలో అడ్మిరల్ కోరిస్‌ను రక్షిస్తే 1, గెత్ ఫైటర్ స్క్వాడ్రన్స్ మిషన్ పూర్తి చేస్తే 1.

ఎక్కువమంది దెబ్బతినేది చివరి రెండింటి దగ్గరే. 'ప్రయారిటీ: రానోక్' మొదలుపెట్టేస్తే ఆ రెండు మిషన్లూ పోతాయి, కాబట్టి ముందే చేయండి. కోరిస్ తన సిబ్బందిని రక్షించమని బతిమాలతాడు. జాలిపడి వాళ్లను ఎంచుకుంటే ఆ పాయింటు రాదు, రక్షించాల్సింది అతన్నే. వేరుపడిన గెత్‌లను తిరగరాసినవాళ్లు నిరాశపడక్కర్లేదు, మిగిలిన నాలుగూ సరిగ్గా చేస్తే 5 వస్తాయి. ఒక్కటి తప్పినా రావు. చివరి సంభాషణలో ఎదుటివాళ్లను ఒప్పించే రంగు అక్షరాల మాట ఎంచుకోవడానికి రెప్యుటేషన్ (పేరుప్రతిష్ఠల) గీత కూడా బాగా నిండి ఉండాలి, అందుకే రానోక్‌కు తొందరపడి వెళ్లకండి.

ఇక షెపర్డ్ బతకడం. 2012 ఆటలో వార్ అసెట్స్ (కూడగట్టిన యుద్ధ వనరులు) మొత్తాన్ని గెలాక్టిక్ రెడీనెస్ (యుద్ధ సన్నద్ధత) శాతంతో గుణించి సైనిక బలం లెక్కకట్టేవారు. మల్టీప్లేయర్ ఆడకపోతే ఆ శాతం 50 దగ్గరే ఉండేది. సెర్బెరస్ నాయకుడు ఇల్యూసివ్ మ్యాన్ చేతిలో షెపర్డ్ పై అధికారి ఆండర్సన్ చావకుండా ఆపితే 4000, లేకపోతే 5000 బలం కావాలి. 4000 రావాలంటే 50 శాతం మీద 8000 అసెట్స్ పోగవ్వాలి. ఒంటరిగా ఆడేవాళ్లకు అది అందలేదు, గొడవలో ఇదీ ఒక న్యాయమైన ఫిర్యాదు. ఎక్స్‌టెండెడ్ కట్ తర్వాత 3100కి దించారు, అంటే 6200 అసెట్స్.

లెజెండరీ ఎడిషన్‌లో మల్టీప్లేయర్ లేదు, లెక్క మార్చారు. పాత గైడ్లలో ఉన్న ఈ అంకెలను ఇక్కడ నమ్ముకోవద్దు. మూడోది ఒక్కటే ఆడితే దొరికిన పనల్లా చేసినా అంతంతమాత్రంగానే సరిపోయేలా బయోవేర్ దాన్ని సర్దింది. మొదటి రెండూ ఆడి సేవ్ తెచ్చుకోవడమే నికరమైన దారి. సెర్బెరస్ స్థావరానికి, అంటే క్రోనోస్ స్టేషన్‌కు వెళ్లేముందే ఎన్7 మిషన్లు, గ్రహాల స్కానింగ్, సిటడెల్‌లో అప్పగించాల్సిన వస్తువులు అన్నీ ముగించండి. అది దాటాక వెనక్కి రాలేరు. గ్రిసమ్ అకాడమీ, టుచాంకా బాంబు మిషన్లు వచ్చిన వెంటనే చేయండి. మరీ ఆలస్యమైతే గడువు తీరిపోతుంది, అసెట్స్ తగ్గుతాయి.

ఇల్యూసివ్ మ్యాన్‌ను చివర్లో మాటతో లొంగదీయాలంటే అంతకుముందు ఎదురైన ప్రతిసారీ, మార్స్ నుంచీ, రంగు అక్షరాల మాటలే ఎంచుకుంటూ రావాలి.

పైకి చేరాక నాశనం దారి కుడివైపు, ఎరుపు. అక్కడి గొట్టాన్ని కాల్చాలి. కోపంతో పిల్లాడి రూపంలోని క్యాటలిస్ట్ మీద తూటా పేల్చకండి. అది మూడింటినీ తిరస్కరించినట్టు లెక్క, ఆట నాలుగో ముగింపుకు వెళ్లిపోతుంది. అన్నీ సరిగ్గా జరిగితే చివర శిథిలాల కింద కవచం, ఒక్క ఊపిరి కనిపిస్తాయి. అది కొన్ని సెకన్లే, కాబట్టి చూపు తిప్పకండి.

ప్ర: చివర్లో జరిగినదంతా షెపర్డ్ మనసులోని భ్రమ అంటున్నారు. నిజమా? – డాలస్ పాఠకుడు

జ: దీన్ని ఇండాక్ట్రినేషన్ థియరీ అంటారు. హార్బింజర్ అనే రీపర్ కిరణం తగిలాక షెపర్డ్ లేవలేదనీ, ఆపై చూసేది రీపర్లు అతని మనసును లొంగదీసుకోవడానికి చేసే ప్రయత్నమనీ, నాశనం ఎంచుకుంటేనే దాన్నుంచి బయటపడతాడనీ వాదన. ఆధారాలు మంచివే చూపించారు. కిరణం తగిలాక చుట్టూ కనిపించే పొదలు షెపర్డ్ కలల్లోవాటిలాగే ఉంటాయి. తర్వాత వచ్చానన్న ఆండర్సన్ ముందే అక్కడుంటాడు. క్యాటలిస్ట్ ఎవరి రూపంలో వస్తుందో ఆ పిల్లాడు ఆట మొదట్లో భూమి మీద షటిల్ ఎక్కేటప్పుడు ఎవరూ చేయందించరు. చివరి ఊపిరి దృశ్యంలో చుట్టూ ఉన్నది లండన్ కాంక్రీటులా ఉంటుంది.

అభిమానులు ఎంత శ్రద్ధగా చూశారో దీన్నిబట్టే తెలుస్తుంది. అయినా ఎక్స్‌టెండెడ్ కట్ మూడు ముగింపులనూ నిజంగా జరిగినవిగానే చూపించి, వాటి తర్వాతి కాలాన్ని చెప్పింది. కాబట్టి ఆటను చదువుకునే ఒక పద్ధతిగా దీన్ని ఉంచుకోవచ్చు. అసలు కథ ఇదేనని వాదించడానికి ఇప్పుడు ఆధారం లేదు.

ప్ర: కళాకారుడు రాసిన ముగింపును మార్చమని అడిగే హక్కు ఆడేవాళ్లకు ఉందా? – విశాఖపట్నం పాఠకురాలు

జ: అడిగే హక్కు ఉంది. మార్చి తీరాలనే హక్కు లేదు. 'రీటేక్ మాస్ ఎఫెక్ట్' పేరుతో కలిసినవాళ్లు ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటలు అందించే చైల్డ్స్ ప్లే సంస్థకు 80,000 డాలర్లకు పైగా పోగుచేశారు. విరాళమిస్తే ముగింపు మారుతుందని కొందరు పొరబడటంతో సంస్థ కోరిక మేరకు ఆపేశారు. మరికొందరు బయోవేర్ ఆఫీసుకు మూడు రంగుల కప్‌కేకులు పంపించారు, రంగు ఏదైనా లోపల రుచి ఒకటే. కంపెనీ వాటిని ఇల్లులేని యువతకు ఆశ్రయమిచ్చే కేంద్రానికి ఇచ్చేసింది. చెప్పదలచుకున్నది ఎవరినీ గాయపరచకుండా చెప్పడమంటే ఇదే. ఒక అభిమాని అమెరికా వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేయడం మాత్రం మాకు నచ్చలేదు. కథ నచ్చకపోవడం వినియోగదారుల మోసం కాదు. రచయితలను వ్యక్తిగతంగా దూషించడానికి ఏ సాకూ చెల్లదు.

మార్చి 21న బయోవేర్ సహ వ్యవస్థాపకుడు రే మ్యూజికా, అభిమానుల మాట విన్నామనీ ముగింపుకు మరింత స్పష్టత ఇస్తామనీ ప్రకటించాడు. ఇది కొత్త సంగతేమీ కాదు. 2008లో వచ్చిన ఫాల్అవుట్ 3లో రేడియేషన్ తగలని సహచరుడు ఫాక్స్ పక్కనే ఉన్నా, రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లనంటాడు. జనం నిలదీశారు. 2009లో 'బ్రోకెన్ స్టీల్' వచ్చాక అతన్ని పంపించొచ్చు, ఆట ముగింపు తర్వాతా సాగుతుంది. అది ముగింపునే మార్చింది, బయోవేర్ వివరించి ఊరుకుంది. క్యాటలిస్ట్‌తో వాదించే అవకాశం ఒక్కటి చేర్చి ఉంటే చాలని మేం ఇప్పటికీ అంటాం.

ప్ర: మూడో ఆటలో లెవయతన్, సిటడెల్ డీఎల్‌సీలు ఎప్పుడు ఆడాలి? – గుంటూరు పాఠకుడు

జ: లెవయతన్‌ను థెసియా మిషన్‌కు ముందు ఆడండి. రీపర్లను ఎవరు, ఎందుకు పుట్టించారో అందులో ఉంది. అది తెలిస్తే క్యాటలిస్ట్ మాటలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపించవు. 2012 మార్చిలో ఆడినవాళ్లకు ఆ సదుపాయం లేదు, అది ఆగస్టులో వచ్చింది. సిటడెల్‌ను హొరైజన్ మిషన్ అయ్యాక, క్రోనోస్ స్టేషన్‌కు వెళ్లేముందు ఆడండి. అప్పటికి బతికున్న సహచరులంతా విందుకు వస్తారు. ఒమేగా డీఎల్‌సీకి పట్టింపు లేదు, క్రోనోస్‌కు ముందైతే చాలు.